తాగే నీళ్ల పైపు

మా పాత వ్యాన్‌లో రెండు మంచాలు, ఒక పొయ్యి, నీళ్ల ట్యాంకు బిగించుకుని ఏటా వేసవిలో ఇంటిల్లిపాదీ ఊళ్లు తిరుగుతాం. ట్యాంకు నింపే నీలిరంగు పైపు బాధ్యత నాది. వాడిన ప్రతిసారీ నీళ్లు వంచేసి, చుట్ట చుట్టి, దుమ్ము చొరకుండా రెండు కొసలకూ కవర్లు కట్టి, సంచిలో పెట్టి సీటు వెనక మేకుకు తగిలిస్తాను. దాన్ని ముట్టొద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నానో!

ఈసారి దంతాలపల్లి దాటాక ఒక బోరు దగ్గర ఆగి ట్యాంకు నింపాం. వ్యాన్‌లో నల్లా తిప్పితే గుప్పున పురుగుమందు వాసన. నా ఒళ్లు మండిపోయింది. పైపు ఎవరు ముట్టారని అరిచాను.

"మొన్న బెండతోటకు కొట్టే మందు కలుపుతందుకు ఈ పైపే డ్రమ్ముల ఏసిన," అన్నాడు అన్న, అదేదో మామూలు విషయమైనట్టు. "నువ్వే గదా చేతికందేటట్టు సక్కగ పెట్టినవు. మల్ల కడిగి, ఎట్లున్నదట్ల తగిలిచ్చిన. ఏంగాదు తియ్."

వ్యాన్‌లో అమ్మ ఉంది, పసిపిల్లలున్నారు. ఒక గ్లాసు నింపి అన్న ముందు పెట్టాను.

"అయితే మొదలు నువ్వు తాగు."

అన్న గ్లాసు వంక చూశాడు. మిట్టమధ్యాహ్నం ఎండ. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది.

"నాకిప్పుడు దూపయితలేదు," అన్నాడు.