కర్నూల్లో మా ఎగురుడు మంచం

ఆ రోజుల్లో ఆడపిల్ల కాస్త గట్టిగా నడిస్తేనే వీధంతా తల తిప్పి చూసేది. ఇక ఎగరడమంటే చెప్పనక్కర్లేదు. కర్నూలు రాజధాని అయిన కొత్తలో, మద్రాసులో డ్రిల్లు ట్రైనింగు ముగించుకుని, పత్తికొండ పల్లె పొగరు ఏమాత్రం తగ్గకుండా నేను కర్నూలు ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరుగా చేరాను. ట్రైనింగులో ట్రాంపొలిన్ మీద ఎగిరిన రుచి నన్ను వదల్లేదు. బడికి కొనే స్తోమత లేదు కాబట్టి సైకిలు షాపు సాయిబన్న చేత లారీ ట్యూబులు పట్టీలుగా కోయించి, ఇనుప చట్రానికి టెంటు గుడ్డను వాటితో బిగించి కట్టించాను. పిల్లలు దానికి ఎగురుడు మంచమని పేరు పెట్టారు. చుట్టూ మెత్తగా శనక్కాయ కట్టె (కాయలు దూసుకున్నాక మిగిలే ఎండు తీగ) మోకాలెత్తున పరిపించాను.

నా దగ్గర ముందు ఆగడం నేర్చుకోవాలి, తర్వాతే ఎగరడం. మోకాళ్లు వంచి ఊపు చంపడం వచ్చాక, గాల్లో మోకాళ్లు పొట్టకు ముడవడం, ఆపైన కాళ్లు చాపి కూర్చున్నట్టు పడి లేవడం. ఒక్కతే ఎక్కాలి, లంగా గోచీ పోసుకోవాలి, నలుగురు నాలుగు పక్కలా చేతులు చాచి కాపలా కాయాలి. పల్టీ ఊసెత్తిన పిల్లకు ఆ రోజు మంచం లేదు.

ఈ సంగతి బడి కమిటీ పెద్దాయన చెవిన పడింది. "ఆడపిల్లోళ్లు ఎగిరేదేందమ్మా? కాలిరిగితే పెండ్లెట్ల అయితాది? ఆ మంచం ఇప్పేసి కుట్లు నేర్పించు" అన్నాడు.

"ఒకసారి వచ్చి చూడండయ్యా. ఒక్క పిల్లకు దెబ్బ తగిలినా మంచం నేనే ఇప్పేస్తా, ఉద్యోగం ఇడిసిపెట్టి పోతా" అన్నాను. (ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదని ఆ క్షణాన గుర్తుంటే గదా.)

ఆయన జోడెడ్ల బండిలో వచ్చాడు. బండివాడు అలవాటుగా ఎద్దులను విప్పి వదిలాడు. మేము పెద్ద టీచరమ్మ గదిలో కాఫీ తాగి, బడి లెక్కలన్నీ ఆయనకు చూపించి వచ్చేసరికి అవి నా కట్టెనంతా శుభ్రంగా మేసి నెమరేస్తున్నాయి. పెద్ద టీచరమ్మ నా చెవిలో "ఒకే ఒకసారి ఎగిరించెయ్యమ్మా, ఏం కాదులే" అంది. నాకు ఒళ్లు మండింది.

"మెత్త లేకుండా ఒక్క పిల్లను కూడా ఎక్కియ్యను. మేసింది మీ ఎద్దులు. మెత్త మీరే తెప్పియ్యాల" అన్నాను.

ఒకరి గొడ్లు ఇంకొకరి మేత మేస్తే నష్టం కట్టాలని ఊళ్లో తీర్పు చెప్పేది ఆ పెద్దాయనే. ఆయన నన్ను చూశాడు, ఎద్దులను చూశాడు, బండివాణ్ని పిలిచి, "ఇంటికి పోయి పరుపులు ఏసుకరాపో" అన్నాడు.

పరుపులు పరిచాక ముందు ఎక్కింది మా బడిలోనే చదివే ఆయన మనవరాలు. ఎగిరింది, ముడిచింది, కూర్చుంది, లేచింది. పెద్దాయన తనకు తెలియకుండానే చేతులు చాచి మంచం చుట్టూ తిరుగుతున్నాడు. "దిగు పాపా, భయం కాలేదా?" అన్నాడు.

"అయింది తాతా. ఇంగోసారి ఎగురుతా."

ఆయన కుట్ల మాట ఎత్తలేదు. బండెక్కుతూ, "పరుపులు ఈడే ఉండనీ" అన్నాడు.

ఆయనకు కోపం వచ్చి ఉంటే ఆ సాయంత్రమే పెట్టె సర్దుకుని పత్తికొండ బస్సెక్కాల్సినదాన్ని. ఆ పొగరుబోతు టీచరమ్మ ఇప్పుడెదురైతే కాస్త తగ్గవే తల్లీ అని చెప్పాలనుకుంటాను. కానీ చెప్పినా అది వినదు, నాకూ చెప్పబుద్ధి కాదు.