జగదల్‌పూర్‌లో చేతులెత్తిన వార్డు

శనివారం వార్డు సభలో మాట్లాడాల్సి ఉందని, నేనొచ్చి పక్కన కూర్చుంటే చాలని మా పెద్దమ్మ కూతురు కరుణక్క ఫోన్ చేసింది. ఈ ప్రయాణం అలా మొదలైంది. ఆమె జగదల్‌పూర్ కూరగాయల మార్కెట్ దగ్గర టిఫిన్ బండి నడుపుతుంది. మార్కెట్ వెనక ఖాళీ ప్రభుత్వ స్థలంలో కింద దుకాణాలు, వాటి వెనక ఝూలాఘర్, పైన తక్కువ అద్దె ఇళ్ళు కట్టాలన్నది ప్రతిపాదన. తల్లులు పనికెళ్తే పిల్లల్ని చూసుకునే చోటును అక్కడ ఝూలాఘర్ అంటారు. వార్డు ఒప్పుకోకపోతే ఆ స్థలం బళ్ళు నిలపడానికి పోతుంది.

శుక్రవారం ఉదయం శృంగవరపుకోటలో కిరండూల్ వెళ్ళే ప్యాసింజర్ ఎక్కాను. జనరల్ టికెట్‌కు అయ్యేది ఒక పూట భోజనం ఖర్చే. సొరంగాలు, అరకు, కొరాపుట్ దాటి సాయంత్రానికి జగదల్‌పూర్ చేరింది. స్టేషన్ నుంచి మార్కెట్‌కు ఆటోవాలా యాభై రూపాయలు తీసుకున్నాడు. ఎందుకొచ్చానో చెప్పగానే, తన భార్య కూడా మార్కెట్‌లోనే ఆకుకూరలు అమ్ముతుందని, పాపను రోజూ ఆటోలో తిప్పుతున్నానని, సభకు తానూ వస్తానని హిందీలో అన్నాడు.

మర్నాడు పొద్దున్నే అక్కతో బండి దగ్గరికి వెళ్ళాను. వడలు వేస్తూనే హిందీలో బేరం, అక్కడి హల్బీ భాషలో పలకరింపు, నాతో తెలుగు. పక్కన గోనెసంచుల నీడలో ముగ్గురు పసిపిల్లలు నిద్రపోతున్నారు. మొన్న వానాకాలంలో ఒక బాబు పాక్కుంటూ మోటార్‌సైకిల్ కిందికి వెళ్ళి కాలు విరగ్గొట్టుకున్నాడట. అప్పటినుంచి అక్క, మార్కెట్ ఆడవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి మద్దతు అడుగుతున్నారు. అంత తిరిగిన మనిషి ఆ పొద్దున నన్ను పక్కకు పిలిచింది.

"బయమేస్తంది చెల్లీ. మజ్జిలో మాట ఆగిపోతే ఏటవుద్ది?" అంది.

మధ్యాహ్నం సామాజిక భవనం నిండిపోయింది. అక్క మాట్లాడటం మొదలుపెట్టగానే ఎదురు వీధిలో ఉండే రిటైర్డ్ గుమస్తా ఒకాయన లేచాడు. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి చేరితే వీధి ఏమైపోవాలని అడిగాడు. అక్క ఆయనవైపు తిరిగి, హిందీలోనే జవాబిచ్చింది.

"మా నాన్న కూడా ఎక్కడినుంచో వచ్చినవాడే, దాదా. రైలు పట్టాల పనికి ఆంధ్రా నుంచి వచ్చాడు. క్వార్టర్ ఇచ్చారు కాబట్టి నేనిక్కడ పుట్టాను. ఆయన రిటైరయ్యాక అది ఖాళీ చేసి, అద్దెకు ఇల్లు దొరక్క ఊరంతా తిరిగాం. ఆ ఇళ్ళలో ఉండబోయేది మీకు రోజూ కూరగాయలు ఇచ్చేవాళ్ళే."

హల్బీ తప్ప రాని ఆడవాళ్ళకు మళ్ళీ హల్బీలో చెప్పింది. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ఆటోలు, సరుకు బళ్ళు తమ ఇరుకు వీధిలోకి వస్తే పెద్దవాళ్ళు నడవలేరన్నాడు. ఆ మాట నిజమేనని అక్కే అంది. గేటు మార్కెట్ వైపు పెట్టాలని ఇద్దరూ కలిసి అడిగారు. సభ నడుపుతున్న మున్సిపల్ అధికారి ఆ మార్పు రాసుకున్నాక చేతులెత్తమన్నాడు. ఆకుకూరలామె, ఆమె పక్కన పాపనెత్తుకున్న మా ఆటోవాలా, దుకాణదారులు, సొంత ఇళ్ళున్నవాళ్ళు చేతులెత్తారు. చివరికి ఆ గుమస్తా కూడా చెయ్యెత్తాడు. ప్రతిపాదన నెగ్గింది. అక్క నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

పునాది ఇంకా పడలేదు. అయినా ఆ ఖాళీ స్థలం ముందు నిలబడి ఫోటో తీసుకున్నాం. చిత్రకోట్ జలపాతం చూడకుండా వచ్చావా అని ఇంట్లో అందరూ అడిగారు. తమకు ఆ ఇళ్ళ అవసరం లేనివాళ్ళు కూడా పక్కవాళ్ళ పిల్లల కోసం చెయ్యెత్తడం చూసొచ్చాను, వాళ్ళ ముందు నిలబడి మాట్లాడింది మా అక్క అని చెప్పాను. మీరూ ఈ దారిన వెళ్తుంటే ఒక్క మాట: వానల్లో ఘాట్‌లో కొండచరియలు పడితే రైలు ఆపేస్తారు, బయలుదేరే ముందు కనుక్కుని, చేతిలో ఒక రోజు అదనంగా ఉంచుకోండి.