యాంటెన్నా పైపు మీద నా ఉద్యోగం

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. పప్పులో ఉప్పు తక్కువైనా వచ్చేది, ఎక్కువైనా వచ్చేది. పలనాడులో పుట్టిన పిల్ల, ఆ మాత్రం పౌరుషం ఉండదా అని మావాళ్ళు సర్దిచెప్పుకునేవాళ్ళు గానీ, అది పౌరుషం కాదు, వట్టి కోపమేనని నాకిప్పుడు తెలుసు. అయినా ఇప్పుడు చెప్పబోయే కోపం మాత్రం న్యాయమైనదే. విన్నాక తప్పు నాదేనని మీరంటే ఒప్పుకుంటాను (ఒప్పుకోను, కానీ వినండి).

నాకు మొదటి ఉద్యోగం వచ్చిన మూడో నెలకే ఆఫీసులన్నీ మూసేసి, ఎవరింట్లో కూర్చుని వాళ్ళు పని చేసుకోమన్నారు. హైదరాబాదులో హాస్టల్ ఖాళీ చేసి, లాప్‌టాప్ భుజాన వేసుకుని, గురజాల అవతల మా ఊరికొచ్చి పడ్డాను. మా ఊరు పల్లంలో ఉంటుంది. ఇళ్ళలో ఎక్కడా సిగ్నలు అందదు. అందేది ఒక్క చోటే, ఊరి చివర దిబ్బ మీద మా పెదనాన్న మిరపకాయలు ఆరబోసే కల్లంలో. అదీ నేల మీద మాటలకు మాత్రమే, నెట్టు కావాలంటే రెండు నిలువుల ఎత్తున. దీనికి మా పెదనాన్నే ఉపాయం కనిపెట్టాడు. అటక మీద తుప్పుపట్టి పడున్న పాత టీవీ యాంటెన్నా పైపును తెచ్చి కల్లంలో పాతించి, దాని కొసన బావి గిలక కట్టించాడు. నా ఫోనునీ, దానికి తోడు పవర్ బ్యాంకునీ గుడ్డసంచిలో వేసి తాడు లాగితే సంచి పైకి పోయేది. పైనున్న ఫోను సిగ్నలు అందుకుని, కింద టార్పాలిన్ పట్టా నీడలో ఉన్న నా లాప్‌టాప్‌కు హాట్‌స్పాట్‌తో నెట్టు పంచేది. ఇదంతా మా పెద్దమ్మకు ఎంత చెప్పినా ఎక్కలేదు. చివరికి పైది ఆవు, కిందది దూడ అని తనే తేల్చుకుంది. (నెట్టు ఆగినప్పుడల్లా "ఏందే, ఆవు పాలు చేపటంలా?" అని అడిగేది. చుట్టూ మిరప ఘాటు, ముక్కులో తుమ్ము, చెవిలో మీటింగు, పైగా ఇదొకటి.)

మా పెదనాన్న ఒకప్పుడు సర్పంచి. ఒకప్పుడు అని నేనంటున్నాను గానీ, ఆయన అననిచ్చేవాడు కాదు. పదవి పోయి పదేళ్ళయినా 'మాజీ' అనే మాట ఎవరైనా వాడితే, వినపడనట్టు తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయేవాడు. బళ్ళో ఏటా జెండా ఎగరేసిన చెయ్యి కదా, నా ఫోనును కూడా అలాగే ఎగరేసేవాడు. ఉదయం సరిగ్గా తొమ్మిదింటికి తెల్లచొక్కా తొడుక్కుని వచ్చి, సంచి పైకి చేర్చి, తాడును తనకొక్కడికే వచ్చిన ముడితో పైపుకు బిగించి, తలెత్తి ఒక్క క్షణం నిటారుగా నిలబడేవాడు. మా పెద్దమ్మ చాటలో మిరపకాయలు ఏరుతూ నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది.

నా ఫోను పాతది. దానికో జబ్బుంది. ఎవరైనా కాల్ చేస్తే నెట్టు ఆగిపోతుంది. అంటే పైన ఫోను మోగిందంటే కింద నా మీటింగు తెగినట్టే. మొదట్లో రోజుకు ఒకటో రెండో కాల్స్ వచ్చేవి. కాయ గుంటూరు మిర్చి యార్డుకు పోవడం మొదలయ్యాక గంటకు నాలుగు. అన్నీ ముక్కూ మొహం తెలియని నంబర్లు. ఒకరోజు మోగుతుండగానే దించి ఎత్తాను. అవతల ఎవరో పెద్దమనిషి, "సర్పంచి గారి ఆఫీసేనా అమ్మా?" అన్నాడు. కాదని పెట్టేశాను. ఐదు నిమిషాలకు ఇంకొకాయన, పందెం ఎడ్ల జత గురించి, అదే ప్రశ్న. మూడో ఆయన్ని ఈ నంబరు ఎవరిచ్చారని నిలదీస్తే, ఇచ్చేదేముందమ్మా, టిక్కీల మీద ఉంది గదా అన్నాడు.

టిక్కీలంటే మిరపకాయల బస్తాలు. ఎవరి సరుకు ఎవరిదో తెలియడానికి రైతులు వాటి మీద పేరు రాసుకుంటారు. మా పెదనాన్న పేరుతో ఆగలేదు. నల్ల పెయింటుతో 'సర్పంచి గారి ఆఫీసు' అని రాయించి, కింద నా నంబరు వేయించాడు. ఇరవై రెండేళ్ళ ఆడపిల్ల నంబరు గుంటూరు యార్డులో బస్తాలెక్కి ఊరేగుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. పరిగెత్తుకెళ్ళి అడిగితే ఆయన తొణకలేదు, బెణకలేదు. "నా ఫోనుకు సిగ్నలు రాదు గదే. నీది పొద్దస్తమానం పైనే ఉంటది. ఖాళీగా ఉండేదానికి, ఎవరన్నా జేస్తే రెండు మాటలు జెప్తే ఏం బోయిందంట?" అన్నాడు. తప్పు ఒప్పుకోవడం ఆయన జాతకంలో లేదు. పంచాయతీ బోరు రాళ్ళల్లో వేయించి నీళ్ళు పడనప్పుడు కూడా, తప్పు నీళ్ళదే అన్న మనిషి.

ఇక్కడ మా మేనేజరు గురించి చెప్పాలి. ఆయన నెమ్మదిగా మాట్లాడతాడు. నెమ్మదిగా మాట్లాడేవాళ్ళంటే నాకు మరీ కోపం, తిరిగి అరవడానికి వీలుండదు. ఒక్క వారంలో మూడుసార్లు నా లైను తెగాక, ఆయన నెమ్మదిగానే చెప్పాడు. ఆరు నెలల గడువు అయిపోతోంది, గురువారం పదకొండింటికి నిన్ను ఉద్యోగంలో ఉంచాలో వద్దో తేల్చే మీటింగు, అందులోనూ లైను తెగితే పైవాళ్ళకు నేనేమీ చెప్పలేను అని. ఆ ఉద్యోగం పోతే నాకు ఇంకోటి రాదని కాదు. వస్తుందో రాదో తెలియదని. ఆ భయం బయటికి కనపడకుండా కప్పుకోవడానికి కోపం తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు.

గురువారం ఉదయం పెదనాన్నకు పాసుపుస్తకం పనిమీద గురజాల ఆర్డీవో ఆఫీసుకు పోవలసి ఉంది. అయినా తొమ్మిదింటికి వచ్చి తాడు చేతిలోకి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే సంచిలో ఫోను మోగింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. నేను తాడు లాక్కున్నాను.

"నా ఫోను ముట్టుకోబాక పెదనాన్నా. నీ పదవి పోయి పదేళ్ళయింది. ఇంకా ఆఫీసెక్కడుంది నీకు?"

అనేశాను. ఆయన తువ్వాలు కూడా దులపలేదు. నా మొహంలోకి ఒకసారి చూసి బస్సుకు వెళ్ళిపోయాడు. పెద్దమ్మ చాట కింద పెట్టి, నీ నోట్లో మన్ను బడ అంది. నాకు ఇంకా కోపం వచ్చింది. ఆ కోపంలోనే, నాకు ఏ కాల్ వచ్చినా అది పెదనాన్న ఫోనుకు పోయేలా డైవర్ట్ పెట్టేశాను. గురజాలలో ఆయన ఫోనుకూ సిగ్నలు ఉంటుంది, అనుభవించనీ, అనుకున్నాను.

పదకొండింటికి మీటింగు బాగానే మొదలైంది. పావుగంట బాగానే సాగింది. నిన్ను ఎందుకు ఉంచుకోవాలో నీ మాటల్లో చెప్పు అని మేనేజరు అడిగాడు. చెప్పడానికి నోరు తెరిచాను. తాడుకు నేను వేసిన ముడి జారింది. సంచి సర్రున కిందికి జారి, గిలక పక్కకు తాడు ఇరుక్కుని, పైపు మధ్యలో ఆగిపోయింది. పైకి పోదు, కిందికి రాదు, నెట్టు లేదు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఏమిటో ఆ రోజు కళ్ళారా చూశాను. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు పైపును ఒక్క తన్ను తన్నాను. పైపుకేమీ కాలేదు, నా బొటనవేలు వాచింది. ఏడుపొచ్చి కళ్ళు తుడుచుకున్నాను. పొద్దున పెద్దమ్మతో పాటు కాయలు ఏరిన చేతులవి. ఆ తర్వాత కాసేపు మీటింగు సంగతే గుర్తులేదు. కల్లమంతా గంతులేశాను. పెద్దమ్మ మొహం మీద బిందెడు నీళ్ళు కుమ్మరించి, దోటీ కర్ర తెచ్చి సంచిని దించేసరికి పన్నెండు దాటింది. ఫోను చూశాను. మేనేజరు నుంచి ఒక్క కాల్ లేదు. ఏమైందని అడగను కూడా అడగలేదంటే, నా పని అయిపోయినట్టే అనుకున్నాను. డైవర్ట్ సంగతి గుర్తొచ్చేసరికి సాయంత్రమైంది. మేనేజరు చేసి ఉంటే ఆ కాల్ పెదనాన్న ఫోనుకే పోయి ఉంటుందని అప్పుడు వెలిగింది.

పెదనాన్న ఆఖరి బస్సుకు వచ్చాడు. చేతిలో కొత్త నైలాను తాడు. మేనేజరు ఫోను చేశాడా అని నేను అడగలేదు. అడగడానికి నోరు రాలేదని మీరనుకోవచ్చు. పౌరుషమని నేననుకున్నాను. మర్నాడు తొమ్మిదింటికి తెల్లచొక్కాతో వచ్చి గిలకకు కొత్త తాడు ఎక్కించి, దూరంగా నిలబడి, "ఎగరెయ్యనా?" అని అడిగాడు. అంతకుముందు ఎన్నడూ అడిగి ఎరగడు. నేను సంచి అందించాను.

పదింటికి మేనేజరు లాప్‌టాప్‌లోకి వచ్చాడు. ఉద్యోగం ఖాయమైందని నెమ్మదిగా చెప్పి, నిన్న మీ పెదనాన్నగారితో ఇరవై నిమిషాలు మాట్లాడానన్నాడు. మొదట పెదనాన్న, ఫోను మిరపకాయల బేరానికి వచ్చిందనుకున్నారట. సంగతి తెలిశాక ఏమన్నారో మేనేజరు నవ్వుతూ మా యాసలోనే అప్పజెప్పాడు. "తప్పు నాది సారూ. పిల్ల నంబరు బస్తాల మీద రాయిచ్చింది నేనే. లైను తెగినప్పుడల్లా తెంపింది నేనే. దానికి నోరు చానా పెద్దది గానీ, పనిదొంగ మాత్రం గాదు."

చివర్లో మేనేజరు, ఇంతకీ మీరేం చేస్తుంటారండీ అని అడిగితే, "మా ఊరి మాజీ సర్పంచినండీ" అన్నారట.

నేను వింటూ తలెత్తి పైపు కొసన ఉన్న సంచిని చూస్తూ కూర్చున్నాను. పెదనాన్న అవతల కాయలు తిరగేస్తున్నాడు. వెళ్ళి తప్పయిందని చెబుదామనుకున్నాను. సాయంత్రం చెబుదామనుకున్నాను. ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఇప్పటికీ చెప్పలేదు. ఆ రోజు మీటింగు అయ్యాక, "ముడి బాగా బిగిసింది పెదనాన్నా" అన్నాను. ఆయన "ఊఁ" అన్నాడు. మా ఇళ్ళల్లో అంతకంటే ఎవరూ చెప్పుకోరు.

ఇప్పుడు ఊళ్ళోనే టవరు పడింది. నాకు హైదరాబాదులో గోడలోంచి తీగ మీద నెట్టు వస్తుంది, గిలకలూ తాళ్ళూ ఏమీ లేవు. కోపం మాత్రం ఉంది, కాకపోతే నాలుగేళ్ళు మీద పడి కాస్త బద్ధకించింది. మొన్న ఒక పెద్ద మీటింగులో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోను మోగింది. కొట్టేయబోయి, ఎందుకో ఎత్తాను. కృష్ణానది అవతలి తెలంగాణ మనిషి, మాటలో తెలుస్తోంది. నూర్చిన వడ్లో ఏవో పోసుకోవడానికి ఎక్కడో పాత గోనెసంచులు కొన్నాడట. "గీ సంచి మీద నంబరుంటే చేసిన. మిర్చి ఇత్తనం మంచిది దొరుకుతదేమోనని. సర్పంచి గారి ఆఫీసేనా అమ్మా?" అన్నాడు.

మీటింగులో వాళ్ళను రెండు నిమిషాలు ఆగమన్నాను. "అవునండీ," అన్నాను, "సర్పంచి గారి ఆఫీసే. చెప్పండి."