మడి కట్టుకున్న ప్రెసిడెంటు

ఒత్తొరీనో జన్‌ఫోర్లిన్‌ను నేను ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. ఇన్నేళ్లలో అతని నోటి వెంట "నాకు తెలియదు" అన్న మాట ఒక్కసారి కూడా వినలేదు. ఇటలీలో ఆద్రియా అనే ఈ చిన్న ఊళ్లో మా క్లబ్బు బార్ నడిపేది నేనే. కౌంటర్ వెనక నిలబడ్డ ఆడదాని ముందు ఎవరూ ఏమీ దాచుకోరు కనుక, ఈ ఊళ్లో ఎవరి తలకాయలో ఎంత గుజ్జుందో నాకు బాగానే తెలుసు. ఒత్తొరీనో తలలో గుజ్జుకు కొదవలేదు. ఆ సంగతి అతనికి తెలియడంతోనే వచ్చింది చిక్కంతా.

పొలాల్లోంచి నీళ్లు కాలువల్లోకి తోడిపోసే సంస్థలో కంప్యూటర్లు చూసేవాడు. పైఅధికారి రాసిన ఉత్తరాల్లో కామాలు దిద్ది తిరిగి ఆయన బల్ల మీదే పెట్టేవాడట. రిటైరైన రోజు ఆఫీసువాళ్లు మా బార్‌లోనే చిన్న విందు చేశారు. పాపం, అందరూ మర్యాదగానే ఉన్నారు. అతను కోటు తొడుక్కుని వెళ్లిపోయాక మాత్రం ఇంకో రెండు సీసాలు తెప్పించుకుని, అసలు విందు అప్పుడు చేసుకున్నారు. పెళ్లి లేదు. ఇంట్లో అక్క ఉంది. ఆమెకు చెవుడని ఊరంతా అనుకుంటుంది, నాకు మాత్రం అనుమానమే.

అతనికి జీవితంలో ఒక్కటే గొప్ప కాలం. అది మా వెనక గదిలో గడిచింది. లినక్స్ అని ఒకటుంది, ఎవరి సొత్తూ కాని సాఫ్ట్‌వేర్. ఎవరైనా డబ్బివ్వకుండా వేసుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాడికి పంచొచ్చు. పాతికేళ్ల కిందట దాని కోసం ఊళ్లో ఒక సంఘం పెట్టారు. కుర్రాళ్లు, పంతుళ్లు, ఫ్యాక్టరీ వాళ్లు గురువారం గురువారం కంప్యూటర్ డబ్బాలు చంకన పెట్టుకుని వచ్చేవాళ్లు. దానికి ప్రెసిడెంటు ఒత్తొరీనో.

అంత పెద్ద సంఘాన్ని చంపింది కూడా అతనే. కత్తితో కాదు, జవాబులతో. ప్రింటర్ పనిచేయడం లేదని ఎవరైనా అడిగితే, పుస్తకంలో ఉంది చదువుకో అనేవాడు. చదివాను, అర్థం కాలేదు అంటే, అర్థమయ్యేదాకా చదువు అనేవాడు. అలా అడిగినవాడు మళ్లీ కనపడేవాడు కాదు. ఉచితంగా పంచాల్సినదాన్ని ఇంత పిసినారితనంగా పంచినవాణ్ణి నేనింకెక్కడా చూడలేదు. చివరికి జిల్దో ఒక్కడు మిగిలాడు. జిల్దో బ్యాంకు గుమస్తా, ఒత్తొరీనోకు చిన్నప్పటి నేస్తం. వాడు కూడా లినక్స్ కోసం కాదు, గురువారం అత్తగారు భోజనానికి వస్తుందని ఇక్కడికి పారిపోయి వచ్చేవాడు. అత్తగారు పోయాక వాడూ మానేశాడు. సంఘం మూతపడింది.

రిటైరయ్యాక కిందటి వసంతంలో ఒత్తొరీనోకు దాన్ని మళ్లీ బతికించాలనిపించింది. వెనక గది ఇమ్మని క్లబ్బు కమిటీని అడిగాడు. కమిటీవాళ్లు ఆ గదిని డాన్సు మాస్టారుకు ఇద్దామని అప్పటికే అనుకుంటున్నారు. కాదని మొహం మీద చెప్పలేక, నవంబరు సభ నాటికి పదిమంది సభ్యుల్ని చేర్చు, గది నీదే అన్నారు. చేర్చలేడని వాళ్లకు ధీమా. ఆ గది పోతే, అతన్ని ప్రెసిడెంటు అని పిలిచే చోటు ఈ భూమ్మీద ఇంకోటి ఉండదు. అది అతనికీ తెలుసు. అప్పటినుంచీ ఒక్క కాఫీ ముందు పెట్టుకుని, సాయంత్రమంతా నా బార్‌లోనే కూర్చుని సంఘం నియమావళి రాసేవాడు. సభ్యుల్లేరు గానీ, సభ్యుల్ని బహిష్కరించే పద్ధతికి పేజీలకు పేజీలు కేటాయించాడు.

మొదటి సమావేశం ఉందని ఊరికి చెప్పాలి కదా. ఊరంతా వాట్సాప్‌లో ఉంది. అతను వాట్సాప్ ముట్టడు, ఫేస్‌బుక్ పేరెత్తితే మొహం చిట్లిస్తాడు. సంఘానికి పాత ఈమెయిల్ జాబితా ఒకటుంది, ఒకరు రాస్తే అందరికీ చేరుతుంది. దానికి మాత్రమే రాశాడు. ఆ జాబితాలో అడ్రసులు సగం చచ్చిపోయాయి. కొన్నిటి యజమానులు కూడా పోయారు. ఆ గురువారం వచ్చింది ఇద్దరు. ఒకడు జిల్దో. రెండో ఆమె డాన్సు క్లాసు అనుకుని తలుపు తెరిచింది. ఆమెను కూర్చోబెట్టి సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ గురించి గంటసేపు చెప్పాడు. మర్యాదస్తురాలు, డాన్సు చెప్పులు చేతిలో పట్టుకుని చివరిదాకా వింది.

అతని మీద జాలిపడి నేనేమీ చేయలేదు. డాన్సు మాస్టారు అంటే గోడకవతల పెద్ద స్పీకర్లు, వారానికి మూడు సాయంత్రాలు అకార్డియన్ మోత. దానికంటే ఈ కంప్యూటర్ గొణుగుడే నయం. ఆ రోజుల్లోనే ఊళ్లో చాలామంది కంప్యూటర్లలో ఒక హెచ్చరిక వస్తోంది. పాత సిస్టమ్‌కు ఇక దిక్కులేదు, కొత్తది మీ కంప్యూటర్‌లో పట్టదు, ఇంకోటి కొనుక్కోండి అని. నేనొక కాగితం తీసుకుని, "పాత కంప్యూటర్ పారేయకండి. గురువారం పట్టుకురండి. బాగుచేసి ఇస్తారు" అని పెద్దక్షరాలతో రాసి తలుపుకు అంటించాను, ఫోటో తీసి నాకున్న వాట్సాప్ గ్రూపులన్నిట్లో పెట్టాను. ఒత్తొరీనో దాని ముందు చాలాసేపు నిలబడి చదివాడు. థాంక్స్ చెబుతాడేమో అనుకున్నాను. జేబులోంచి పెన్ను తీసి, అందులో లినక్స్ పేరే లేదని, ఆ పేరు, దాని ముందు ఎవరికీ నోరు తిరగని ఇంకో పేరు, రెండూ ఇరికించి వెళ్లాడు.

గురువారం గది నిండింది. గురువారం మధ్యాహ్నం అంటే మా ఊళ్లో ముసలివాళ్లను చూసుకునే ఆడవాళ్లకు సెలవు. మోల్దోవా నుంచి, ఉక్రెయిన్ నుంచి వచ్చినవాళ్లు, పార్కు బెంచీల మీద కూర్చునే బదులు ఇక్కడికొచ్చారు. చేతుల్లో లాప్‌టాప్‌లు, చాలావరకు చనిపోయిన ముసలివాళ్లవి, పిల్లలు పారేయబోతే అడిగి తెచ్చుకున్నవి. పరస్కోవియా కూడా వచ్చింది. పన్నెండేళ్లుగా ఈ ఊళ్లో ఒకరి తర్వాత ఒకరిని సాగనంపుతున్న మనిషి. ఆమె తల్లి మోల్దోవాలో మంచం పట్టింది, మడమ మీద పుండు. ఆదివారం ఆదివారం పక్కింటావిడ ఫోన్‌లో ఆ మడమ చూపిస్తే, మందు ఎలా రాయాలో, కట్టు ఎలా కట్టాలో ఈమె ఇక్కణ్ణుంచి చెబుతుంది. చిన్న ఫోన్‌లో పుండు రంగు తెలియడం లేదట. పెద్ద తెర కావాలని లాప్‌టాప్ తెచ్చుకుంది.

ఇదంతా ఆమె ఒత్తొరీనోకు చెప్పింది. అతను వినలేదని చెప్పను. తలూపాడు కూడా. ముందు అందరికీ ఉపన్యాసం ఇచ్చాడు, తర్వాత ఒక్కొక్క లాప్‌టాపూ తీసుకుని పని మొదలుపెట్టాడు. నిజం చెప్పాలి, ఆ సాయంత్రం అతని మొహంలో వెలుగు చూశాను. పాత సిస్టమ్ తుడిచేసి లినక్స్ వేశాడు. కంప్యూటర్లు గుర్రాల్లా పరుగెత్తాయి. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు.

ఒక్కటే లోపం. వైఫై పనిచేయాలంటే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ముక్క కావాలి. ఆ ముక్క చేసిన కంపెనీ దాన్ని ఎవర్నీ విప్పి చూడనివ్వదు. వేయాలా అని కంప్యూటర్ అడుగుతుంది. అందరూ వేయమంటారు. ఒత్తొరీనో వద్దన్నాడు. ఒక్క లాప్‌టాప్‌కు కాదు, అన్నిటికీ. అది తాకితే మైల అన్నట్టు, మొత్తం గదికి మడి కట్టాడు. మరి ఇంటర్నెట్ ఎలా అని పరస్కోవియా అడిగితే కేబుల్ పెట్టుకోమన్నాడు. ఆమె ఉండేది తను చూసుకునే ముసలమ్మ ఇంట్లో, అటక గదిలో. రౌటర్ కింద హాల్లో, ముసలమ్మ మంచం పక్కన ఉంటుంది. ఆ మాట కూడా చెప్పింది. కేబుల్ ఎంత పొడుగైనా దొరుకుతుందన్నాడు.

ఆదివారం పొద్దున పరస్కోవియా లాప్‌టాప్ గుండెకు అదుముకుని బార్‌కు వచ్చింది. బార్ నిండా జనం, పేకాట జోరుగా ఉంది. "దిర్చే అక్కా, మీ దగ్గర తీగ ఉందా? అక్కడ పక్కింటావిడ ఫోన్ పట్టుకుని కూర్చుంది" అంది. కార్డులు గీకే మిషన్‌కున్న కేబుల్ పీకి ఆమె లాప్‌టాప్‌కు పెట్టాను. ఆ కేబుల్ కౌంటర్ దాటి రాదు. కాఫీ కప్పుల మధ్య, అందరి ముందూ నిలబడే మాట్లాడుకుంది. తెర మీద ఒక ముసలి మడమ, దాని మీద నల్లటి అంచు. ఆమె వాళ్ల భాషలో మెల్లగా చెబుతోంది, చేత్తో చూపిస్తోంది. పేకాట ఆగిపోయింది. నా ఒళ్లు మండిపోయింది. కన్నతల్లి పుండు పరాయి మగవాళ్ల ముందు, స్ప్రిట్జ్ మందు గ్లాసుల పక్కన పెట్టి చూసుకోవాల్సిన గతి ఆ మనిషికి ఎవడి మడి వల్ల పట్టింది?

సరిగ్గా అప్పుడే ఒత్తొరీనో లోపలికొచ్చాడు. నిలబడి చూశాడు. ఏదో అర్థమై ఉంటుందనుకున్నాను.

"చూశారా, కేబుల్‌తో బొమ్మ ఎంత స్పష్టంగా వస్తోందో" అన్నాడు.

నేను అతనికి ఆ రోజు కాఫీ పోయలేదు. మిషన్ పాడైందన్నాను. అతని కళ్ల ముందే ఇంకో నలుగురికి పోశాను.

జిల్దోను పిలిచి ఆ మధ్యాహ్నమే నిలదీశాను. ఆ ముక్క వేయడం నీకు చేతనవునా కాదా అని అడిగాను. "చేతనవుతుంది గానీ దిర్చే, వాడికి తెలిస్తే నాతో మాట్లాడ్డు" అని నసిగాడు. "అంత అదృష్టం నీకెక్కడిది, ముందు పని చూడు" అన్నాను. తర్వాతి గురువారం ఒత్తొరీనో ముందు నిలబడి స్వేచ్ఛ గురించి చెబుతుంటే, జిల్దో వెనక బల్ల దగ్గర ఒక్కొక్క లాప్‌టాప్‌కూ ఆ ముక్క వేశాడు. మాట నోటా నోటా పాకింది. జనం పెరిగారు. పదిమంది కావాలంటే అంతకు రెండింతల మంది సభ్యత్వ కార్డులు తీసుకున్నారు. నవంబరు సభలో కమిటీ నోరు మూసుకుని గది రాసిచ్చింది. సంఘం బతికింది. ఒత్తొరీనో ఆ రోజు టై కట్టుకుని వచ్చాడు, ఇదంతా తన ఉపన్యాసాల మహిమేనని అందరికీ చెప్పాడు.

గది చేతికొచ్చాక మొదటి గురువారం, పరస్కోవియా లాప్‌టాప్ తెర మీద ఏదో సినిమా ఆడుతుంటే అతని చూపు దాని మీద పడింది. కేబుల్ లేదు. చుట్టూ చూశాడు. ఎక్కడా కేబుల్ లేదు. మొహం కందగడ్డలా అయింది. నియమావళి తెరిచి కొత్త నియమం ప్రతిపాదించాడు. విప్పి చూడనివ్వని ముక్క ఏ సభ్యుడి కంప్యూటర్‌లోనూ ఉండకూడదు, ఉన్నవి ఈ రోజే తీసేయాలి, ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి అన్నాడు. అతని చెయ్యి ఒక్కటే లేచింది. జిల్దో చెయ్యి సగం లేచి, గడ్డం గోక్కుని దిగిపోయింది.

"అయితే నేను రాజీనామా చేస్తున్నాను. ఈ క్షణం నుంచే" అన్నాడు ఒత్తొరీనో.

మా ఊళ్లో రాజీనామా అంటే ఏమిటో మా అందరికీ తెలుసు. చర్చి పాటల బృందం పెద్ద ఏడాదికోసారి చేస్తాడు, ఫుట్‌బాల్ క్లబ్బు కార్యదర్శి ఓడినప్పుడల్లా చేస్తాడు. చేసినవాడు కూర్చునే ఉంటాడు. మిగతావాళ్లు చుట్టూ చేరి, మీరు లేకపోతే ఎలా అని బతిమాలుతారు. కాసేపు బెట్టు చేసి ఒప్పుకుంటాడు. ఒత్తొరీనో పాత రోజుల్లో ఇలా ఎన్నిసార్లు చేశాడో లెక్కే లేదు. ఇప్పుడు కూడా చేతులు కట్టుకుని కూర్చుని ఎదురుచూశాడు.

కానీ ఆ గదిలో ఎక్కువమంది, రేపటినుంచి రావద్దు అని ఒక్క మాటతో పనిలోంచి తీసేస్తే, సాయంత్రానికల్లా పెట్టె సర్దుకుని వెళ్లినవాళ్లు. వాళ్ల లెక్కలో వెళ్తానంటే వెళ్లడమే. ఒత్తొరీనో జిల్దో వైపు చూశాడు. జిల్దో తెరలోకి తలదూర్చాడు. తలుపు దగ్గర ట్రే పట్టుకుని నిలబడ్డ నా వైపు చూశాడు. మీరు లేకపోతే ఎలా అని నేను ఒక్క మాట అంటే చాలు, మిగతావాళ్లు కూడా అందుకునేవాళ్లు. నేను ట్రేలో గ్లాసులు సర్దుకున్నాను.

పరస్కోవియా లేచింది. కొక్కెం మీదున్న అతని కోటు తీసింది.

"చాలా థాంక్స్ సార్. మా అందరికీ కంప్యూటర్లు ఇచ్చారు, మిమ్మల్ని మరిచిపోం" అంది. ఆ గొంతులో ఎగతాళి లేదు. ఉంటే అతనికి బాగుండేది, పోట్లాడేవాడు. "బయట మంచు పడుతోంది, లేవండి" అని కోటు విప్పి పట్టుకుంది, రోజూ ఆ ఇంట్లో ముసలమ్మకు పట్టుకున్నట్టే.

ఒత్తొరీనో నోరు తెరిచాడు. దిద్దడానికి అందులో తప్పేమీ దొరకలేదు. లేచి నిలబడి చేతులు వెనక్కి చాపాడు. ఆమె ఒక్కొక్క చెయ్యే తొడిగి, గుండీలు పైదాకా పెట్టి, మఫ్లర్ మెడ చుట్టూ సరిచేసింది. ముప్పై ఏళ్లలో అతను ఎదుటిమనిషి చెప్పినట్టు చేయడం నేను చూసింది ఆ ఒక్కసారే.