కార్డ్‌లెస్ ఫోనూ, మా అత్తమ్మ కోపమూ

ఆ రోజుల్లో ఇంట్లో ఫోను ఉండటమే ఒక హోదా. ఆ ఫోను తీగ లేకుండా మాట్లాడటం ఇంకా పెద్ద హోదా. ఇప్పుడు మా పిల్లలు ల్యాప్‌టాప్ చేత్తో పట్టుకుని సిగ్నల్ కోసం గదిగదికీ తిరుగుతూ విసుక్కుంటే నాకు నవ్వు రాదు, కోపం కూడా రాదు. తొంభైలలో, ఇంట్లో వైఫై అనే మాట మేమెవరమూ వినకముందే, చిక్కడపల్లిలోని మా ఇంటి మెట్ల మీద నేనూ అలాగే తిరిగాను. కింద నాన్న స్టీలు సామాన్ల దుకాణం, దాని మీద గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే ఒక అన్నకు కిరాయికి ఇచ్చిన గది, ఆ పైన మేము. (ఆ అన్నను మేము గ్రూప్స్ అన్న అనే పిలిచేవాళ్లం. పరీక్ష పాసయ్యాక కూడా ఆ పేరు పోలేదు.) ఎలక్ట్రానిక్స్ డిప్లొమా అప్పుడే పూర్తిచేసి, నారాయణగూడలో ఒక చిన్న కంపెనీలో ట్రెయినీగా చేరానేమో, వాడకట్టంతా నన్ను ఇంజినీరమ్మ అనేది. నేను కాదనేదాన్ని కాదు.

మా ఇంట్లో అత్తమ్మ ఉండేది. నాన్నకు సొంత అక్క. భర్త పోయాక మా దగ్గరికే వచ్చేసింది. మనిషి మంచిదే కానీ, కోపం వస్తే దాన్ని పచ్చడిలా జాడీలో పెట్టి దాచుకునే రకం. అలా ఏళ్ల తరబడి దాచుకున్న కోపం ఒకటి మా చిన్నాన్న మీద ఉండేది. అత్తమ్మ భర్త పోయినప్పుడు షోలాపూర్‌లో ఉన్న చిన్నాన్న రాలేదు. కర్మకాండకూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. మగ్గాల మిల్లులో సెలవు దొరకలేదన్నాడు. ఆ మాట అత్తమ్మ నమ్మలేదు. అప్పటినుంచి ఇంట్లో చిన్నాన్న పేరెత్తితే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది.

ఆ ఏడు వానాకాలంలో అత్తమ్మ బాత్రూములో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. తొడ దాకా పిండికట్టు వేశారు. మంచం దిగే వీలు లేదు. సరిగ్గా అప్పుడే దుకాణానికి చిన్నాన్న ఫోను చేశాడు. గుండె ఆపరేషనట, మంగళవారానికి పెట్టారట. నాన్న పైకొచ్చి మంచం పక్కన నిలబడి, గొంతు సవరించుకుని చెప్పాడు.

"ఆపరేషన్‌కు ముందు నీతోని ఒక్కసారి మాట్లాడుతడట అక్కా. ఆదివారం పొద్దున ఫోన్ చేస్తడట."

అత్తమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఒలవడం ఆపలేదు. చాలాసేపటికి, "ఫోను నా మంచం కాడికొస్తే మాట్లాడుత. నేనైతే దిగి పోను" అంది. ఫోను దుకాణంలో గల్లా పక్కన ఉంటుందనీ, అది మెట్లెక్కి రాదనీ ఆమెకు బాగా తెలుసు.

నాన్న కోఠి వెళ్లి, సాయంత్రానికి ఒక కార్డ్‌లెస్ ఫోను తెచ్చాడు. సిగ్నల్ పంపే దాని పెట్టెను పాత నల్ల ఫోను పక్కనే గల్లా మీద పెట్టి, రెండింటినీ ఒకే లైనుకు కలిపాం. చేతి ఫోను పట్టుకుని నేను మెట్లెక్కాను. గ్రూప్స్ అన్న గుమ్మం దాకా నాన్న మాట గంటలా వినిపించింది. ఇంకో నాలుగు మెట్లెక్కగానే వాన పడుతున్నట్టు బుస్సుమని చప్పుడు, అత్తమ్మ మంచం దగ్గర అదీ లేదు. కారణం కళ్లెదుటే ఉంది. ఆ పెట్టె చుట్టూ బిందెలు, గుండిగలు, టిఫిన్ డబ్బాలు, పైకప్పు నుంచి వేలాడే గంటెలు, అన్నీ స్టీలే. అందులోంచి సిగ్నల్ బయటికి రావడమంటే జైలు నుంచి తప్పించుకోవడమే.

"పెట్టెను జర మెట్ల మీదికి తెద్దాం నాన్నా" అన్నాను.

"లైను తీగ మెట్ల మీదికి గుంజితే, గల్లా కాడి ఫోన్ చెడిపోతే దుకాణం ఎట్ల నడుస్తది బిడ్డా? ఇంజినీరువు నువ్వున్నవు గద, ఏమన్న ఉపాయం చెయ్" అన్నాడు నాన్న.

మొదట బిందెలు జరిపించాను. సగం సామాను పేవ్‌మెంటు మీదికి వచ్చేసరికి, ముషీరాబాద్ నుంచి ఎప్పుడూ వచ్చే ఒకావిడ గాబరాగా ఆటో దిగి, "ఏంది, దుకాణం ఎత్తేస్తున్రా? నా బిడ్డ పెండ్లి సామాన్లు ఇంక తీస్కోలేదు గద!" అని నాన్నను నిలదీసింది. నాన్న నా వైపు ఒక చూపు చూశాడు. బిందెలు తిరిగి లోపలికి వెళ్లాయి. ఇక మిగిలింది యాంటెన్నా. మా డిప్లొమా పుస్తకంలో యాంటెన్నాల మీద ఒక అధ్యాయం ఉండేది. (పరీక్షలో రాదని ఎవరో చెబితే నేను దాన్ని వదిలేశాను.) పొడుగు పెంచితే బలం పెరుగుతుందన్న ఒక్క ముక్క మాత్రం గుర్తుంది. అత్తమ్మ చేతి ఫోను కొసకు రాగి తీగ చుట్టి, కిటికీలోంచి డాబా మీదికి లాగి, అక్కడ బట్టలారేసే ఇనప తీగకు కట్టేశాను. బటన్ నొక్కగానే గుర్రుమని చక్కటి చప్పుడు! నాన్న మొహం వెలిగిపోయింది. ఆ గుర్రుమంటున్నది ఎవరి ఫోనో అడగాలని మాలో ఎవరికీ తోచలేదు.

ఆదివారం పొద్దున అత్తమ్మ గంజిపెట్టిన నేత చీర కట్టుకుంది, తల దువ్వించుకుంది, బొడ్లో ఒక రుమాలు దోపుకుంది. ఫోనులో మనిషి కనిపించడని నేను చెప్పలేదు. కింద నల్ల ఫోను మోగింది. నాన్న దాన్ని ఎత్తి, "వచ్చిండు! మాట్లాడున్రి!" అని మెట్లలోంచి కేకేశాడు. నేను బటన్ నొక్కి అత్తమ్మ చేతికిచ్చాను.

"హలో... ఎవరు?" అంది అవతల ఒక సన్నటి మగ గొంతు.

"ఎవరా? అక్క గొంతు గూడ మరిచినవా?" అంది అత్తమ్మ. అంతే, జాడీ మూత ఊడింది. "మీ బావ పోయిననాడు ఊరంతా వచ్చింది. నువ్వు రాలె. వాకిట్ల చెప్పుల చప్పుడైనప్పుడల్ల నువ్వే అనుకున్న. నిన్ను ఎత్తుకొని పెంచిన చేతులు రా ఇవి! సెలవు దొరకలేదా? అక్క కంటె మిల్లు ఎక్కువాయెనా?" అంటూ, చిక్కడపల్లిలో స్టీలు దుకాణం పైన కాలు విరిగి మంచాన పడ్డ సంగతీ కలిపి, చాలాసేపు తిట్టింది. తిడుతూనే ఏడ్చింది. అవతలి మనిషి మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. చివరికి ఆమె అలిసి ఆగితే, మెల్లగా అన్నాడు. "తప్పయిందక్కా. నేను రావాల్సి ఉండె."

అత్తమ్మ రుమాలుతో కళ్లొత్తుకుంది. "సరె, ఆపరేషన్ అంటే భయపడకు. డాక్టర్లున్నరు, దేవుడున్నడు" అంది. నాకు కూడా కళ్లు చెమ్మగిల్లాయి. సరిగ్గా అప్పుడే నాన్న రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు.

"ఏందే, ఇంకా ఎత్తరేంది? కింద తమ్ముడు హలో హలో అని పరేషాన్ అయితుండు!"

ముగ్గురం ఆ చేతి ఫోను వైపు చూశాం. నేను అందుకుని, "హలో, మీరెవరండీ?" అన్నాను.

"నేను అశోక్‌నగర్ల ఉంటమ్మా. మా ఇంట్ల గూడ కార్డ్‌లెస్ ఉంది. ఫోన్ చేద్దామని మామూలు రిసీవర్ ఎత్తితే పెద్దమ్మ మాట్లాడవట్టిరి. నడుమల ఆపబుద్ధి కాలె" అన్నాడాయన. నా యాంటెన్నా మా ఇంటి బిందెలను దాటలేక, రోడ్డు దాటి వేరే వాళ్ల లైను పట్టుకుందన్నమాట. "పెద్దమ్మ తమ్ముడు కింది ఫోన్ల ఆగిండు గావచ్చు. జల్దీ పోనియ్యుండ్రి" అని ఆయనే తొందరపెట్టి పెట్టేశాడు.

నేను తల పట్టుకున్నాను. అత్తమ్మ మాత్రం చీర సర్దుకుని, "కుర్చీ తేన్రి. కిందికి తీస్కపోన్రి" అంది.

గ్రూప్స్ అన్న పుస్తకం పడేసి పరిగెత్తుకొచ్చాడు. ఆయనొక వైపు, నాన్నొక వైపు కర్ర కుర్చీ ఎత్తితే, పిండికట్టు కాలు ముందుకు చాచి, అత్తమ్మ ఊరేగింపులో అమ్మవారిలా మెట్లు దిగింది. నేను వెనక నుంచి కుర్చీ వీపు పట్టుకున్నాను. మలుపు దగ్గర కాలు గోడకు తగిలి అబ్బా అంది కానీ, ఆగమనలేదు. దుకాణంలో బిందెల మధ్య కుర్చీ దించి నల్ల ఫోను చేతికిచ్చాం.

అవతల చిన్నాన్న ఇంకా ఉన్నాడు. ఎస్టీడీ బూత్‌లోంచి, "అక్కా, నన్ను తిట్టు. నువ్వు తిట్టేదంత తిట్టినంకనె నేను ఆపరేషన్‌కు పోత" అంటున్నాడు.

"తిట్టుడు అయిపోయింది రా" అంది అత్తమ్మ. "నీ తిట్లు అశోక్‌నగర్ల ఎవరికో పడ్డయి. ఇగ నా కాడ ఏం లేవు. ఇంతకు పొద్దున ఏమన్న తిన్నవా?"

అవతల చిన్నాన్న నవ్వడం వినిపించింది. దాని వెనకే ఏడవడమూ వినిపించింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. చలికాలంలో చిన్నాన్న వచ్చి, నెల రోజులు అత్తమ్మ మంచం పక్కనే చాప వేసుకుని పడుకున్నాడు. నాన్న చివరికి లైను తీగ పొడిగించి, ఆ పెట్టెను గ్రూప్స్ అన్న గుమ్మం పక్కకు మార్చాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఎక్కడ నిలబడినా మాట స్పష్టంగా వినిపించింది.

ఇంకొకటి చెప్పాలి. ఆ మంగళవారం గడిచాక, చేతిలో గొడుగుతో ఒక పెద్దమనిషి దుకాణానికి వచ్చాడు. గొంతు వినగానే నేను గుర్తుపట్టాను. స్టీలు దుకాణం పైన కాలు విరిగిన పెద్దమ్మ ఎవరని అడుగుతూ వచ్చాడట. (చిక్కడపల్లిలో ఆ ఆనవాలు చాలు.) "వాళ్ల తమ్మునికి ఎట్లుంది?" అని అడిగాడు. చెప్పాను. తల ఊపి, ఒక మూత డబ్బా ఎంచుకున్నాడు. వెళ్లబోతూ ఆగి, "మా అక్క హన్మకొండల ఉంటది. మా బావ పోయిననాడు నేను గూడ గట్లనె పోలేదమ్మా. తిడుతదని ఇన్నేండ్లు ఎనుకకు జరిగిన. ఇప్పుడు తిట్టించుకునుడు అలవాటైంది గద, ఇగ పోత" అని నవ్వి, ఆ డబ్బా సంచిలో వేసుకుని బస్టాపు వైపు వెళ్లాడు.

పైకెళ్లి అత్తమ్మకు చెబితే, ఆమె కిటికీలోంచి రోడ్డు వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. నేను ఆ పక్కనే కింద కూర్చుని, రాగి తీగ ఎంత పొట్టిగా కత్తిరిస్తే అశోక్‌నగర్ దాకా పోకుండా ఉంటుందా అని కాగితం మీద లెక్కలు వేసుకుంటున్నాను. నా ప్రయోగం పూర్తిగా విఫలమైందని ఆ సాయంత్రం నాకు నిజంగా దుఃఖం. ఆ ఇంజినీరమ్మ ఇప్పుడు కనిపిస్తే, పెన్సిలు కొరకడం మాని ఒక్కసారి తలెత్తి అత్తమ్మ మొహం చూడమని చెబుదును. వింటుందని మాత్రం అనుకోను.