మా అత్త నడక వేగం

నా కారును చూసిన ప్రతి మెకానిక్కూ దాన్ని హైవే ఎక్కించాడు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. "అప్పా, ఇది వేగంగా పోయేటప్పుడు బాగుండాది. మెల్లగా పోయేటప్పుడే ఆగిపోతాది" అని విప్పి చెప్పేదాన్ని. వాళ్లు బుద్ధిగా తలూపేవాళ్లు. తాళం చేతికివ్వగానే కృష్ణగిరి రోడ్డు ఎక్కి, రివ్వున పోయి, రివ్వున వచ్చి, "రాకెట్టమ్మా బండి! ఏమీ లేదు" అనేవాళ్లు. కడుపునొప్పి అని పోతే కన్ను చూసి పంపే వైద్యం ఇది.

అది రెండే సీట్లున్న పాత స్పోర్ట్స్ కారు. పైన గుడ్డ కప్పు, మడిచి వెనక్కి తోసెయ్యవచ్చు. బెంగళూరులో ఒకాయన పెట్టుకోవడానికి చోటు లేక అమ్మేస్తుంటే నేను కొన్నాను. మూకండపల్లిలో ఫ్యాక్టరీ ఉద్యోగం నాది, నా జీతంతో కొన్న బండి. మా చుట్టాలంతా అత్తిముగం చుట్టుపక్కల సేద్యం చేసుకునేవాళ్లు. "రెండు బుట్టల టమోటా పట్టదు, ఇదేం బండి?" అని నవ్వారు. నవ్వనీ. నలభై దాటి పరుగెత్తినప్పుడు దానికి సాటి లేదు. కానీ మొదటి గేరులో, మనిషి నడిచే వేగంలో పోనిస్తే మాత్రం ఒళ్లంతా వణికి, రెండు కుదుపులు కుదిపి ఆగిపోయేది. సిగ్నలు దగ్గర నిలబెడితే అక్కడే ఆగేది.

మామూలుగా అయితే నేను సర్దుకునేదాన్నే. కానీ మా చెల్లెలికి పెళ్లి కుదిరింది. రెండో పెళ్లి. మొదటివాడి గురించి ఎక్కువ రాయడం నాకిష్టం లేదు. చెయ్యి చేసుకునేవాడు, అంతే. వాణ్ణి వదిలేసి మా ఇంటికొచ్చి, నాతోపాటే ఫ్యాక్టరీకి వస్తూ చెల్లెలు తన కాళ్ల మీద నిలబడింది. గురుబరపల్లి నుంచి వచ్చిన ఈ సంబంధం వాళ్లు మంచివాళ్లు. అన్నీ తెలిసే అడిగారు. మెరవణి కూడా ఘనంగా చెయ్యమన్నారు.

మా వైపు పెళ్లికి ముందు రోజు సాయంత్రం పెళ్లికూతుర్ని గుడి దగ్గర బండెక్కించి, మేళంతో మండపం దాకా తీసుకుపోతారు. అదే మెరవణి. ఆ బండి వేగం నడిపేవాళ్ల చేతుల్లో ఉండదు. హారతి పళ్లెం పట్టుకొని ఇంటి పెద్దామె ముందు నడుస్తుంది, ఆమె ఎంత మెల్లగా నడిస్తే బండి అంత మెల్లగా పోవాలి. పెళ్లికి పిలిచిన ప్రతి ఇంటి ముందూ ఆగాలి. ఆ ఇంటి ఆడవాళ్లు బయటికొచ్చి, హారతిచ్చి, టెంకాయ కొట్టేదాకా ఇంజను ఆపకూడదు. మా ఇంట్లో ఆ పెద్దామె మా మేనత్త. అమ్మ పోయాక మమ్మల్ని పెంచింది ఆవిడే. మోకాళ్లు అరిగిపోయిన మనిషి, ఆవిడ నడక ఎంత మెల్లగా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

చిన్నాయన, అంటే మా నాన్న తమ్ముడు, మెరవణి మాట ఎత్తగానే మొహం చిట్లించాడు.

"రెండో పెండ్లికి మెరవణి ఏంది పాపా? దేవళంలో తాళి కట్టించి, బిన్నా బువ్వ పెట్టి పంపిస్తే సరిపోదా?" అన్నాడు. బిన్నా అంటే మా వైపు తొందరగా అని.

"చాలదు చిన్నాయనా. మొదటిదానికి చేసినాము కదా, దీనికీ చేస్తాము."

"అట్లయితే నేను జీపు మాట్లాడను. నీ బొమ్మ కారు ఉండాది కదా, దాంట్లో పిలుచుకొని పో" అన్నాడు నవ్వుతూ. నోటితో మాట్లాడుతూ నొసటితో వెక్కిరించడం ఆయనకు బాగా అలవాటు. మా వాకిట్లో ఆ కారు ఆగిపోవడం ఆయన కళ్లారా చూశాడు. నడివీధిలో పెళ్లికూతురు కూర్చున్న బండి ఆగితే మా ఊళ్లో దాన్ని రిపేరు అనరు, శకునం అంటారు. "చూసినారా, నేను వద్దన్నాను" అని ఆయన జీవితాంతం చెప్పుకుంటాడు. చెల్లెలు జీవితాంతం వింటుంది. అదే నాకు పట్టుదల తెప్పించింది.

హోసూరు మెకానిక్కు ప్లగ్గులు మార్చాడు. మార్పు లేదు. "మా అత్తను ముందు నడిపిస్తాను, ఆమె వెనకాల మెల్లగా నడిపి చూడప్పా" అన్నాను. షెడ్డులో ఉన్నవాళ్లంతా నవ్వారు. అందులో నవ్వేదేముందో నాకైతే అర్థం కాలేదు. జబ్బు ఎక్కడుందో అక్కడే కదా చెయ్యి పెట్టాలి!

అక్కడినుంచి కృష్ణగిరికి పోయాను. అద్దాల గోడలు, గోడ నిండా పనిముట్లు, చల్లటి గదిలో సోఫా. పైన పటారం, లోన లొటారం. అక్కడి ఆయన నాతో మాట్లాడనే లేదు. నాకు తోడు వచ్చిన, స్టీరింగు పట్టుకోవడం కూడా రాని మా ఆయనతో మాట్లాడాడు.

"సార్, మేడం క్లచ్చు మీదనే కాలు పెట్టుకొని నడుపుతారు. ఆడోళ్లకు అది అలవాటు సార్."

మా ఆయన నా వైపు చెయ్యి చూపించి, "ఆమెతో చెప్పప్పా, బండి ఆమెది" అన్నాడు. ఆ మెకానిక్కు మాత్రం నాతో చెప్పలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పని చేతకాక నా కాలు ఓడన్నాడు. చివరికి కార్బురేటరు కడిగి, ఇంజను ఆగకుండా స్క్రూ తిప్పి ఊరికే రొద పెంచాడు. దాంతో బండి నిలబడి ఉన్నా గోలే, గేరు వేస్తే కప్పలా దూకడమే. ఆ గంతుల బండిలో పెళ్లికూతుర్ని కూర్చోబెడితే జడలో పూలు కూడా మిగలవు.

వచ్చే దారి పొడుగునా నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఆ ఆదివారం మా ఇంటి ముందు నేనే బానెట్ ఎత్తాను. ఫ్యాక్టరీలో నా పని పోతపోసిన భాగాల్లో గాలి కారే కంతలు వెతకడమే. ఆలోచిస్తే ఇక్కడా అదే జబ్బనిపించింది. ఇంజను వేగంగా తిరిగేటప్పుడు బోలెడంత గాలి మింగుతుంది, చిన్న కంతలోంచి దూరే గాలి లెక్కలోకి రాదు. మెల్లగా తిరిగేటప్పుడు అది పీల్చేది గుక్కెడే. అప్పుడు ఆ దొంగ గాలి పెట్రోలు బలాన్నంతా పల్చన చేస్తుంది. కుండ మజ్జిగలో గ్లాసెడు నీళ్లు పోస్తే ఎవరికీ తెలియదు, గ్లాసు మజ్జిగలో పోస్తే అది నీళ్లే.

చెల్లెలు రోజా మొక్కలకు నీళ్లు చల్లే స్ప్రే సీసా తెచ్చి, ఇంజను నడుస్తుండగా గాలి పోయే దారిలో అతుకులన్నిటి మీదా కొంచెం కొంచెం చల్లాను. కంత ఉన్నచోట నీళ్లు పడితే అది నీళ్లను పీల్చుకుంటుంది, ఇంజను చప్పుడు మారుతుంది. ఏ అతుకు దగ్గరా మారలేదు. ఇంక మిగిలింది దిష్టి మూట వేలాడుతున్న మూల.

ఆ మూట అత్త కట్టింది. నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు, నల్లగుడ్డలో చుట్టిన పటిక రాయి, అన్నీ సన్న ఇనుప తీగకు గుచ్చి, అమావాస్య అమావాస్యకూ కొత్తది కట్టేది. నేను నూనె చూసుకోవడానికి బానెట్ ఎత్తిన రోజే ఆవిడకు వీలు. హోసూరు మెకానిక్కు దానికి చెయ్యి తగలకుండా ఒంగి పని చేశాడు. కృష్ణగిరి ఆయనైతే తగిలినందుకు వేళ్లు కళ్లకద్దుకున్నాడు. నిజం చెప్పాలంటే నేను కూడా దాని పక్కకే చల్లుతూ వచ్చాను. ఈసారి నేరుగా మూట మీదే చల్లాను. ఇంజను ఒక్కసారి గుటక వేసినట్టు తడబడింది.

మూటను అరచేత్తో పైకెత్తాను. వణుకు ఆగిపోయింది. ఇంజను ఒకే తీరుగా, హాయిగా తిరగసాగింది. చెయ్యి వదిలాను. మళ్లీ వణుకు. ఎత్తాను, ఆగింది. మూట కట్టింది వేలి లావు రబ్బరు ట్యూబుకు. ఇంజను గాలి పీల్చే చోట తగిలించి ఉండే ట్యూబది. వేడికి మెత్తబడ్డ రబ్బరును తీగ కోసింది, పటిక బరువు ఆ గాటును తెరిచి పట్టింది.

"అత్తా! ఇట్ల రా!" అని నేను అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు కూడా వచ్చారు.

అత్త వచ్చి చూసి, "ముందర కడితే రోడ్డుకు ఒరుసుకొని నలిగిపోతా ఉన్నింది, అందుకని లోపల కట్టినాను" అంది.

"దీనికా కట్టేది?"

"నాకేం తెలుసు? చేతికి అందినదానికి కట్టినాను. ఆ పిల్ల దినామూ దీంట్లోనే నీతో పోతాది, ఇప్పుడు ఊరంతా పోవల్ల. మళ్లా ఎవరి కండ్లూ పడకూడదని కట్టినాను."

'మళ్లా' అన్న మాటతో నాకు పట్టలేని కోపం వచ్చింది. మొదటి పెళ్లి చెడినప్పుడు మా వాళ్లంతా అన్నది అదే. మెరవణిలో దిష్టి తగిలిందట! దెబ్బలు తిని చెల్లెలు మొదట పరుగెత్తింది చిన్నాయన ఇంటికే. ఆయన ఒక పూట అన్నం పెట్టి, దిష్టి తీయించి, బస్సెక్కించి తిరిగి వాడి దగ్గరికే పంపాడు.

"దిష్టి, దిష్టి! దాన్ని కొట్టింది దిష్టా అత్తా, వాడా? చెప్పు. ఎవరి కండ్లు పడి పన్ను ఊడింది దానికి?"

వాకిట్లో చెల్లెలు నిలబడి ఉంది. అత్త చెల్లెలి వైపు చూసింది.

"కొట్టింది వాడే" అంది. ఇంట్లోకి పోయి కటింగ్ ప్లయర్ తెచ్చి, తానే ఆ తీగ కత్తిరించి మూట తీసేసింది. "ఏం కొనల్లో కొనుక్కోని రా. నేను నడుస్తాను, నువ్వు వెనకాల నడుపు. చూద్దాము."

ట్రాక్టరు సామాన్ల అంగట్లో అదే లావు ట్యూబు దొరికింది. తగిలించి, కృష్ణగిరి ఆయన తిప్పిన స్క్రూను వెనక్కి తిప్పాను. అత్త చేతిలో ఖాళీ పళ్లెం పట్టుకొని మా వీధి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. ఆవిడ ఆగి మోకాలు పట్టుకున్నప్పుడల్లా నేనూ ఆగాను. బండి ఒక్కసారి కూడా కుదపలేదు. వీధిలో వాళ్లు ఏమనుకున్నారో నాకు అనవసరం.

మెరవణి రోజు అత్తిముగంలో గుడి దగ్గర చెల్లెలు నా పక్కన కూర్చుంది. కప్పు వెనక్కి తోసేశాం. మేళం మొదలైంది, అత్త నడిచింది, నేను వెనకాల పోనిచ్చాను. మొదట్లో చెల్లెలు తల వంచుకొని కూర్చుంది. నాలుగిళ్లు దాటాక తలెత్తింది. ప్రతి ఇంటి ముందూ ఆగాం. ఇంజను నా కాలి కింద మెత్తగా తిరుగుతూనే ఉంది.

చిన్నాయన ఇల్లు దగ్గర పడింది. ఆయన బండి పక్కకొచ్చి వంగి, "ఈడ ఆపొద్దు పాపా. ఇంట్లోవాళ్లే కదా మేము, మాకెందుకు? బిన్నా పోనియ్" అన్నాడు. గట్టిగా ఒకటి అందామని నోరు తెరిచాను. ఈలోగా చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది.

"ఆపక్కా" అంది.

ఆపాను. ముందు నడుస్తున్న అత్త కూడా ఆగింది, మేళం వాళ్లూ ఆగారు. వీధి వీధంతా ఆ గడప వైపే చూస్తోంది. చిన్నాయన భార్య లోపల్నుంచి తడబడుతూ వచ్చింది. హారతి సిద్ధంగా లేదు, టెంకాయ తీసిపెట్టుకోలేదు, మళ్లీ లోపలికి పరుగెత్తింది. చిన్నాయన తన గడప ముందే ఎటు చూడాలో తెలియక నిలబడిపోయాడు.

చెల్లెలు సీట్లో నిటారుగా కూర్చొని, ఆయన వైపే చూస్తూ, లోపలికి వినిపించేటట్టు గట్టిగా అంది. "మెల్లగా రా చిన్నమ్మా. ఈసారి ఎంతసేపైనా ఈడనే ఉంటాను."