బావగారి క్లాక్

నాచారం ఫ్యాక్టరీలో మోడెంలు చూసే దయాకర్, ఇంటల్లుడి హోదాను డ్యూటీలో కూడా దించడు. ఫైబర్ లైనుకు అవతలి కొస ఉప్పల్ గోదాములో ఉంది. అక్కడ ఉండేది ఆయన బామ్మర్ది ప్రశాంత్. రెండు మోడెంలూ, డేటాకు లయ కట్టే క్లాక్ దేనికది పెట్టుకుని నడుస్తూ, పొంతన కుదరక డేటాను పాడుచేస్తున్నాయి.

“బావా, ఒక్క దిక్కే క్లాక్ ఉండాలె. రెండోది లైన్ల వచ్చే క్లాక్‌నే పట్టుకోవాలె,” అన్నాడు ప్రశాంత్ ఫోన్లో.

“పిల్లనిచ్చినోళ్ల క్లాక్ నేను పట్టుకోవాల్నా?”

భార్య రాణి తమ్ముడి పక్షం చేరి, మొగుడితో మాట్లాడటం మానేసింది. దాంతో దయాకర్ మహాత్యాగం చేసి, తన మోడెంను లైన్ క్లాక్‌కు మార్చాడు. అక్క కాపురానికి భయపడి ప్రశాంత్ అప్పటికే తనదీ మార్చేశాడు.

ఇప్పుడు రెండు మోడెంలూ ఎదుటిదాని క్లాక్ కోసం కాచుకుని కూర్చున్నాయి. లైను పూర్తిగా చచ్చింది. మర్యాద మాత్రం దక్కింది.